అగ్నిపర్వత దీవి చుట్టూ స్కూబా డైవింగ్: ముందు తులంబెన్, ఆ తర్వాతే బ్యారన్

గుంటూరు నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది: భార్యాభర్తలిద్దరూ అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) ఒకసారి ట్రై డైవ్, అంటే కోర్సు లేకుండా శిక్షకుడి వెంట చేసే డైవ్, చేశారు. మళ్లీ దిగాలనుంది, ఈసారి అగ్నిపర్వతం ఉన్న దీవి చుట్టూ. మన అండమాన్‌లోనే ఉన్న బ్యారన్‌కి వెళ్లడం మేలా, బాలీకి వెళ్లడం మేలా? నీళ్లలో ఏమేం కనిపిస్తాయి? పది రోజుల సెలవుంది. ఈత ఓ మోస్తరుగా వచ్చు. ఆవిడకి చిన్నప్పుడు ఆస్తమా ఉండేది.

బాలీలో తులంబెన్‌కి వెళ్లండి. బ్యారన్‌ని ఒకటి రెండేళ్లు ఆపుకోండి. ఆస్తమా సంగతి మాత్రం టికెట్లు కొనకముందే తేల్చుకోవాలి. దాని గురించి చివర్లో విడిగా రాస్తాను.

నాది విజయవాడ. ఆటోనగర్‌లో ఎయిర్ కంప్రెసర్ల రిపేరు పని. పద్నాలుగేళ్లుగా డైవ్ చేస్తున్నాను, డైవ్‌మాస్టర్ (డైవర్లని నీళ్లలో నడిపించే స్థాయి) దాకా చదివాను. లాగ్‌బుక్‌లో మూడు వందల పైచిలుకు డైవ్‌లున్నాయి. సగానికి పైగా అండమాన్‌లో, ఓ అరవై బాలీలో తులంబెన్, దాని పక్కనున్న ఆమెడ్ చుట్టుపక్కల. బ్యారన్‌కి రెండుసార్లు వెళ్లాను. కాబట్టి మీరడిగిన రెండు చోట్లా నేను దిగినవే.

ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. మనం చూసి పెరిగిన సముద్రం వేరు, అగ్నిపర్వతం చుట్టూ ఉండే సముద్రం వేరు. మన సూర్యలంకలో నీళ్లలోకి చాలా దూరం నడిచినా నడుము లోతు దాటదు. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ కలిసేచోట నీళ్లు మట్టి రంగులో ఉంటాయి, మోకాలి లోతులో మన పాదం మనకే కనపడదు. నది తెచ్చిన ఒండ్రు వేల ఏళ్లుగా అక్కడ పరుచుకుంటూ పోయింది. అందుకే సముద్రం మెల్లమెల్లగా లోతవుతుంది. అగ్నిపర్వత దీవి దగ్గర ఇదంతా తలకిందులు. అది సముద్రపు అడుగు నుంచి లేచిన కొండ. మనకి కనిపించేది దాని తలకాయ మాత్రమే. బ్యారన్‌నే తీసుకోండి, నీటి పైన కనిపించేది సుమారు 350 మీటర్లు, నీటి కింద దాదాపు రెండు కిలోమీటర్లు. ఒండ్రు తెచ్చే పెద్ద నది ఉండదు కాబట్టి నీళ్లు అద్దంలా ఉంటాయి. మెల్లగా వాలే అడుగూ ఉండదు కాబట్టి ఒడ్డు దాటిన కాసేపటికే మీ కింద నీలం తప్ప ఏమీ ఉండదు.

ఆ దీవుల అందమంతా ఈ నిటారుతనం నుంచే వస్తుంది. ప్రమాదమూ అక్కడి నుంచే వస్తుంది. హేవ్‌లాక్‌లో మీరు దిగినప్పుడు కింద ఇసుక ఉండి ఉంటుంది. తప్పు చేస్తే ఆ ఇసుక మీద మోకాళ్లూని కూర్చోవచ్చు. కొండవాలు దగ్గర తప్పు చేస్తే దిగిపోతూనే ఉంటారు.

నా వృత్తి భాషలో చెప్తాను, ఇది బాగా తలకెక్కుతుంది. ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణం, అంటే ఒడ్డు మీద మనపై ఉండే గాలి ఒత్తిడంత, పెరుగుతుంది. పైన ఉన్నప్పుడు ఒక లీటరు ఉండే గాలి 10 మీటర్ల దగ్గర అర లీటరు, 20 దగ్గర మూడో వంతు, 30 దగ్గర పావు లీటరు అవుతుంది. మీరు వేసుకున్న వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు నురుగు డ్రెస్) లోని బుడగలు కూడా అలాగే నలుగుతాయి. అంటే ఎంత కిందికి పోతే మిమ్మల్ని తేల్చే శక్తి అంత తగ్గుతుంది, మునగడం అంత వేగమవుతుంది. కారు టైరులో సుమారు 2 బార్ గాలి ఉంటుంది. డైవింగ్ ట్యాంకులో 200 బార్ నింపుతారు. అంత నింపినా, 30 మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరికి పైకన్నా నాలుగింతలు గాలి ఖర్చవుతుంది. కొత్తవాళ్లు కంగారుపడి ఎక్కువ పీలుస్తారు. కొండవాలు, లోతు, కంగారు మూడూ ఒకేచోట కలవకూడదు.

మరి అదే కొండవాలున్న తులంబెన్‌ ఎందుకంటే, అక్కడ పడవ అక్కర్లేదు. ఒడ్డు నుంచి నడిచి దిగుతారు, నడిచి పైకొస్తారు. బాలీ ఈశాన్య తీరంలో ఉన్న పల్లె అది, వెనకాలే మూడు వేల మీటర్ల పైచిలుకు ఎత్తున ఆగుంగ్ పర్వతం. ఒడ్డంతా నల్లటి రాళ్లు, నల్లటి ఇసుక. రోజులో ఎక్కువసేపు నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఏ లోతు దగ్గర చాలనిపిస్తే అక్కడే తిరుగు ముఖం పట్టొచ్చు.

ఇంకో కారణం, అక్కడున్న ఓడ. పేరు లిబర్టీ. పేరు చూసి రెండో ప్రపంచ యుద్ధంలో వందలకొద్దీ కట్టిన 'లిబర్టీ' రకం ఓడల్లో ఒకటి అనుకుంటారు చాలామంది, కాదు. ఇది అంతకుముందెప్పుడో 1918లో అమెరికాలో కట్టిన సరుకుల ఓడ. 1942 జనవరి 11న లొంబోక్ జలసంధి దగ్గర జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. మునిగిపోకముందే లాక్కెళ్లాలని చూశారు గానీ నీళ్లు బాగా చేరడంతో తులంబెన్ ఒడ్డుకి ఎక్కించి వదిలేశారు. ఇరవై ఏళ్లపైన ఆ ఇనుము అక్కడే ఒడ్డున పడి ఉంది. 1963లో ఆగుంగ్ బద్దలైంది. వెయ్యి మందికి పైగా చనిపోయిన ఘోరం అది. ఆ ప్రకంపనలకి ఓడ ఒడ్డు మీద నుంచి నీళ్లలోకి జారి, ఇప్పుడున్న వాలులో పక్కకి ఒరిగి ఆగింది. 120 మీటర్ల పైచిలుకు పొడవు. పై అంచు సుమారు 5 మీటర్ల లోతులో, అడుగు 30 మీటర్ల దగ్గర. అంటే ట్రై డైవ్ చేసేవాళ్లకీ, ఓపెన్ వాటర్ కోర్సు (18 మీటర్ల వరకు) చేసినవాళ్లకీ, అడ్వాన్స్‌డ్ (30 మీటర్లు) వాళ్లకీ ఎవరి లోతు వాళ్లకి ఒకే ఓడలో దొరుకుతుంది. నేను దిగిన చోట్లలో ఇలాంటి వీలు ఇంకెక్కడా చూడలేదు.

ఒడ్డు దగ్గర మాత్రం జాగ్రత్త. పిడికిలంత గుండ్రటి రాళ్లు, అల వచ్చినప్పుడల్లా కాళ్ల కింద దొర్లుతాయి. బూట్లు లేకుండా దిగకండి. ఫిన్స్ (పాదాలకి తొడిగే తెడ్లు) నడుము లోతుకి వెళ్లాకే తొడుక్కోండి. ట్యాంకులు అక్కడి ఆడవాళ్లు తల మీద పెట్టుకుని ఆ రాళ్ల మీదే నడిచి మోసుకొస్తారు, ఒక్కోసారి రెండేసి. వాళ్ల కూలి వాళ్ల చేతికి అందేలా చూడండి, దారిచ్చి పక్కకి జరగండి.

ఇక ఏం కనిపిస్తాయన్నారు. తెల్లవారుజామునే దిగితే ఓడ దగ్గర బంప్‌హెడ్ పారెట్ ఫిష్ గుంపు ఉంటుంది. నుదుటి మీద బుడిపెతో, మీటరు పైన పొడవుండే చేపలు. రాత్రి ఓడలో పడుకుని వెలుతురు రాగానే బయల్దేరతాయి. పగడాలను పళ్లతో కొరికి తిని ఇసుకగా వదులుతాయి. వాటి నములుడు చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినిపిస్తుంది. ఓడ పైభాగంలో వందలకొద్దీ చేపలు సుడిగాలిలా తిరుగుతుంటాయి, మన చేపల మార్కెట్లో పార అంటామే, ఆ జాతివి. మొదటిసారి ఆ సుడి మధ్యలోకి వెళ్లినప్పుడు నేను ట్యాంకులో గాలి ఎంతుందో చూపే గేజ్ చూసుకోవడం మర్చిపోయాను. మీరు మర్చిపోవద్దు.

అయితే ఓడ చూసేసి వెళ్లిపోయేవాళ్లు తులంబెన్‌లో సగమే చూసినట్టు. అసలు సంపద నల్ల ఇసుకలో ఉంది. పైపైన చూస్తే బోడి ఇసుక. కదలకుండా ఓ నిమిషం ఆగండి. గార్డెన్ ఈల్స్ అనే సన్నటి పాము చేపలు నారుమడిలో నారులాగా ఇసుకలోంచి లేచి ప్రవాహానికి ఎదురుగా ఊగుతుంటాయి, మీ నీడ పడితే ఒక్కసారిగా లోపలికి పోతాయి. నూడీబ్రాంకులు, అంటే గుల్లలేని నత్తల్లాంటివి, నల్ల ఇసుక మీద ఎక్కడ లేని రంగుల్లో పాకుతుంటాయి. తులంబెన్ పక్కనే ఉన్న సెరయా వైపు వాలులో హార్లెక్విన్ రొయ్య దొరుకుతుంది. తెల్లటి ఒంటి మీద రంగు మచ్చలు, జంటగా ఉంటుంది. నక్షత్ర చేపలే దాని తిండి. పట్టిన నక్షత్ర చేపని వెల్లకిలా తిప్పి, చావనివ్వకుండా రోజుల తరబడి కొంచెం కొంచెంగా తింటుంది. గోరంత కూడా లేని పిగ్మీ సీహార్స్‌ని గైడ్ చూపించాక కూడా కనిపెట్టడానికి నాకు మూడు డైవ్‌లు పట్టింది. విసనకర్రలాంటి పగడం మీద ఉంటుంది, ఆ పగడం కొమ్మ మీది మొటిమల రంగే దాని రంగు.

ఆ నల్ల ఇసుక గురించి ఒక మాట. కృష్ణ పుట్టే మహాబలేశ్వరం దగ్గరి కొండలన్నీ దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా గడ్డకట్టి ఏర్పడినవే. ఆ రాయి అరిగి అరిగి నదితో పాటు మన వైపు వచ్చింది, మన డెల్టా నల్లమట్టిలో దాని పాలు ఉంది. తులంబెన్‌లో మొదటిసారి గుప్పెడు ఇసుక పట్టుకున్నప్పుడు నాకు మా తాతగారి చేను గుర్తొచ్చింది. మన దగ్గర పత్తీ మిరపా పండే నలుపు, అక్కడ పగడాలకి పునాది.

పునాది అని ఊరికే అనలేదు. పగడపు పిల్ల ఇసుక మీద బతకదు, గట్టి రాయి కావాలి. చల్లారిన లావా గట్టిగా, గరుగ్గా, బొరియలతో ఉంటుంది, అంతకన్నా మంచి నేల దానికి దొరకదు. ఇండోనేషియాలోనే బందా దీవుల్లో 1988లో గునుంగ్ అపి అగ్నిపర్వతం బద్దలై లావా సముద్రంలోకి పారింది. ఉన్న పగడాలన్నీ దాని కింద పోయాయి. ఐదేళ్ల తర్వాత శాస్త్రవేత్తలు వెళ్లి చూస్తే, అలల తాకిడి తక్కువున్న వైపు ఆ కొత్త లావాలో 60 శాతం పైగా పగడాలు కప్పేశాయి, 120కి పైగా జాతులు. బల్ల ఆకారపు పగడాలు కొన్ని 90 సెంటీమీటర్ల వెడల్పుకి పెరిగాయి. నేను బందా చూడలేదు. చూడాలని ఉంది.

కానీ అగ్నిపర్వతం ఎప్పుడూ మేలే చేస్తుందనుకోకండి. బూడిద పడితే పగడాలు ఊపిరాడక పోతాయి. అడుగు నుంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా వచ్చే చోట నీటి పులుపు పెరిగి, నాజూకు కొమ్మల పగడాలు తగ్గి బండల్లాంటివి మిగులుతాయి. పాపువా న్యూ గినీలో ఇది బాగా నమోదైంది. కరీబియన్‌లోని డొమినికాలో షాంపేన్ రీఫ్ అని బుడగల చోటు ప్రసిద్ధి. వీడియోల్లో బుడగలు చూసి ముచ్చటపడే మనవాళ్లు ఈ రెండో వైపు కూడా తెలుసుకోవాలి.

ముట్టుకోకండి. లయన్ ఫిష్, స్కార్పియన్ ఫిష్, స్టోన్ ఫిష్ మూడింటికీ విషపు ముళ్లుంటాయి, ఆఖరిది అచ్చం రాయిలా ఉంటుంది. నల్ల రాళ్ల మధ్య చెయ్యి ఆనిస్తే దేని మీద ఆనించారో తెలియదు. టైటాన్ ట్రిగ్గర్ ఫిష్ గూడు కాపలా కాస్తున్నప్పుడు మీదికొచ్చి కరుస్తుంది. దాని హద్దు గూటి నుంచి పైకి గరాటులా వెడల్పవుతుంది. కాబట్టి పైకి పారిపోకండి, అడ్డంగా ఈదుకుంటూ దూరం జరగండి.

ఇప్పుడు బాలీకి వెళ్లే మన తెలుగువాళ్లు చేసే పెద్ద పొరపాటు చెప్తాను. నాతో వచ్చిన ఇద్దరు గుంటూరు కుర్రాళ్లు మూడు డైవ్‌లు చేసి, ఆ రాత్రే బాతూర్ పర్వతం మీద సూర్యోదయం చూసే ట్రెక్‌కి డబ్బు కట్టేశారు. బాతూర్ ఎత్తు 1,700 మీటర్ల పైన. డైవ్ చేశాక ఒంట్లో నైట్రోజన్ కరిగి ఉంటుంది, అది మెల్లగా పోవాలి. ఒత్తిడి తక్కువున్న ఎత్తుకి వెంటనే వెళ్తే, సోడా మూత తీసినట్టు బుడగలవుతుంది. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా రావచ్చు. విమానం విషయంలో అందరికీ తెలుసు: ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరసగా చేస్తే 18 గంటలు ఆగాలి. నేను 24 ఆగుతాను. కానీ కొండెక్కడం కూడా అదే లెక్క అని ఎవరూ చెప్పరు. తులంబెన్ నుంచి ఉబుద్ ఊరికి కింతామణి కొండల మీదుగా కారులో వెళ్లినా 1,500 మీటర్ల దాకా ఎక్కుతారు. డైవ్ చేసిన రోజు తీరం వెంబడి దారిలోనే రమ్మని డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోండి. ఆ కుర్రాళ్లని ట్రెక్‌కి వెళ్లనివ్వలేదు; కట్టిన డబ్బు పోయింది, నా మీద రెండు రోజులు అలిగారు. ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదే అంటాను.

చెవుల గురించి నా అనుభవం. డైవింగ్ మొదలుపెట్టిన రెండో ఏడు జలుబుతోనే అండమాన్ వెళ్లాను, ముక్కులో చుక్కలు వేసుకుని దిగాను. దిగేటప్పుడు బాగానే ఉంది. కింద ఉండగా మందు ప్రభావం తగ్గి, పైకొస్తుంటే చెవిలో గాలి బయటికి రాలేదు. భరించలేని నొప్పి. పడవ నడిపినవాళ్లు 'మామూలే, రెండో డైవ్‌కి సర్దుకుంటుంది' అన్నారు. విన్నాను, మళ్లీ దిగాను. విజయవాడ తిరిగొచ్చాక ఈఎన్‌టీ డాక్టర్ చూసి కర్ణభేరి వెనక రక్తం చేరిందన్నారు. ఆరు వారాలు నీళ్ల జోలికి పోలేదు. జలుబుంటే ఆ రోజు డైవ్ లేదు, ఎంత డబ్బు కట్టినా సరే.

బ్యారన్ సంగతి. పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం) ఈశాన్యంగా దాదాపు 140 కిలోమీటర్లు, మన దేశంలో ఇప్పటికీ క్రియాశీలంగా ఉన్న ఒకే ఒక్క అగ్నిపర్వతం. 1787 నుంచి బద్దలైన రికార్డులున్నాయి. 1832 తర్వాత నూటయాభై ఏళ్లకి పైగా నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది, అప్పటి నుంచి ఉండుండి పొగా లావా వదులుతూనే ఉంది. దీవి మీద మనుషుల్లేరు, దిగడానికి అనుమతి ఉండదు. పడవలోనే పడుకుని పడవ నుంచే డైవ్ చేయాలి, పడవకీ అనుమతులు కావాలి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ లోపు అయితే సముద్రం కాస్త మాట వింటుంది.

నేను వెళ్లిన రెండుసార్లలో మొదటిసారి అలలు పెరిగి రెండే డైవ్‌లు దొరికాయి. రెండోసారి ఐదు చేశాం. లావా నాలుక సముద్రంలోకి దిగి ఆగిపోయిన అంచు దగ్గర, ఒకవైపు బొగ్గులాంటి బోడి రాయి, పక్కనే పాత రాతి మీద ఇసుకేస్తే రాలనన్ని పగడాలు. నీళ్లెంత తేటగా ఉన్నాయంటే, పది మీటర్ల కిందున్న నా బడ్డీ (జంటగా దిగే తోటి డైవర్) ఫిన్స్ మీది అక్షరాలు చదవగలిగాను. ఒక మాంటా, అంటే రెక్కలున్న పెద్ద టేకు చేప, వచ్చింది. మన ఆటో పైకప్పుకన్నా వెడల్పు, రెక్క కూడా కదపనట్టే నా తల మీదుగా దాటిపోయింది. నా ఒంట్లో దాని నీడ ఇంకా ఉంది.

అదే డైవ్‌లో ప్రవాహం మారింది. బడ్డీ గాలి త్వరగా అయిపోతోంది. గోడలాంటి కొండవాలు వదిలి నీలంలోకి కొట్టుకుపోతూ, పైకొచ్చే ముందు నైట్రోజన్ పోవడానికి 5 మీటర్ల దగ్గర చేసే మూడు నిమిషాల ఆగడం కూడా కింద ఏ ఆధారమూ లేకుండా లోతుమీటర్ చూసుకుంటూ చేశాం. నారింజ రంగు మార్కర్ బుడగ పైకి వదిలితే గానీ పడవవాళ్లకి మేం కనిపించలేదు, అప్పటికి పడవ అర కిలోమీటరు దూరంలో ఉంది. ఇద్దరికీ వంద డైవ్‌ల పైనే అనుభవం ఉండబట్టి అది కథగా మిగిలింది. అక్కడ ఏదైనా జరిగితే ఆసుపత్రి రాత్రంతా పడవ ప్రయాణం. తులంబెన్ నుంచైతే రీకంప్రెషన్ ఛాంబర్ (ఒంట్లో బుడగలు కట్టిన డైవర్‌కి ఒత్తిడి పెట్టి వైద్యం చేసే గది) ఉన్న బాలీ రాజధాని దెన్‌పసార్‌కి మూడు గంటల రోడ్డు. అడ్వాన్స్‌డ్ పూర్తిచేసి, ప్రవాహంలో దిగిన అలవాటుతో కలిపి కనీసం యాభై డైవ్‌లయ్యాకే బ్యారన్ అంటున్నది అందుకే.

మిగతా పేర్లు కూడా చాలామంది అడుగుతుంటారు. గ్రీస్‌లో సాంటోరిని నీళ్లు తేట, రాళ్ల ఆకారాలు బాగుంటాయట, పగడపు దిబ్బలు మాత్రం ఉండవు. హవాయిలో కోనా దగ్గర రాత్రి దీపాల వెలుగులో మాంటాలు చూపిస్తారు. గాలపాగోస్ సుత్తి తల సొరలకి పేరు, అది చాలా అనుభవజ్ఞుల చోటు. ఇవన్నీ తర్వాత.

మీ పది రోజులకి నా సలహా: ఓపెన్ వాటర్ కోర్సు పాఠాల భాగం గుంటూరులోనే ఆన్‌లైన్‌లో పూర్తిచేయండి. నీళ్లలో చేసే కోర్సు తులంబెన్‌లో గానీ ఆమెడ్‌లో గానీ మూడు నాలుగు రోజులు. రెండు రోజులు విశ్రాంతిగా, ఒకటే ఓడ, ఒకటే ఇసుక, మళ్లీ మళ్లీ. ఒకే చోట నాలుగుసార్లు దిగినవాళ్లకి కనిపించేవి నాలుగు చోట్ల ఒక్కోసారి దిగినవాళ్లకి కనపడవు. ఆఖరి రోజు పూర్తిగా నేల మీదే. ఏప్రిల్ నుంచి అక్టోబర్ లోపు వెళ్లండి. ఆగుంగ్ 2017లో కూడా లేచింది, అప్పుడు బాలీ విమానాశ్రయమే మూసేశారు. బయల్దేరే ముందు దాని హెచ్చరిక స్థాయి చూసుకోండి. డైవింగ్‌కి వర్తించే బీమా తీసుకోండి, మామూలు ప్రయాణ బీమాలో చాలావాటికి అది ఉండదు.

ఓపెన్ వాటర్‌కి 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, వేగంతో పనిలేదు, పది నిమిషాలు తేలాలి. మూడు నెలల ముందు నుంచే కొలనులో సాధన చేయండి. మాలాగా కాలవలో నేర్చుకున్నవాళ్లం తల పైకెత్తి చేతులు బలంగా కొడతాం. డైవింగ్‌లో చేతులు కట్టుకుని కాళ్లతోనే పోవాలి. ఈ అలవాటు మార్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఇక మీ ఆవిడ ఆస్తమా. డైవ్ సెంటర్‌లో ఆరోగ్య ప్రశ్నల కాగితం ఇస్తారు. అక్కడ 'లేదు' అని రాసి దిగిపోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. పైకొచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది, ఏ సన్న గొట్టంలోనైనా అది ఇరుక్కుంటే ఊపిరితిత్తి చినుగుతుంది. చిన్నప్పుడు పోయి మళ్లీ రాని ఆస్తమా అయితే చాలామందికి పరీక్షల తర్వాత అనుమతి దొరుకుతుంది. గుంటూరులోనో విజయవాడలోనో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి వెళ్లి, డైవింగ్ కోసమని చెప్పి, స్పైరోమెట్రీ (ఊపిరి బలం కొలిచే పరీక్ష) చేయించి రాతపూర్వకంగా తీసుకోండి.

డాక్టర్ వద్దంటే కూడా ఆవిణ్ని హోటల్లో కూర్చోబెట్టకండి. మా ఆవిడ డైవ్ చేయదు. లైఫ్ జాకెట్, మాస్క్, ఊపిరి గొట్టం స్నార్కెల్‌తో గైడ్ చెయ్యి పట్టుకుని ఒడ్డు నుంచి ముప్పై నలభై మీటర్లు వచ్చింది, అంతే. ఓడ పై అంచు ఆమె కింద ఐదు మీటర్లలోనే ఉంది. నేను కింద నుంచి చూస్తే ఆమె నల్లటి నీడగా తేలుతోంది, నా బుడగలు వెళ్లి ఆమె అరచేతుల్లో పగులుతున్నాయి. పైకొచ్చాక నేను చూసిన పారల గుంపుని ఆమె కూడా చూశానంది, వాటి మధ్యలో ఒక తాబేలు ఉందని కూడా చెప్పింది. అది నాకు కనపడలేదు.